వాంటేజి మఠములో భోజనపు బల్ల: విద్యార్థినిగా పండిత రమాబాయి (1883–1886)

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము మీద ఒక్కసారైనా ప్రసంగించని సేవకుడు మన తెలుగు సంఘములలో ఉండడు. యువజన కూటములలో అది తప్పనిసరి వాక్యభాగము. యెరూషలేము నుండి బబులోనుకు కొనిపోబడిన యౌవనులు, మూడేండ్ల చదువు, రాజుగారి భోజనము, దానియేలు చేసికొన్న తీర్మానము, ఇవన్నీ మనకు కంఠోపాఠము. అయితే దానిని పరదేశములో చదువుకొన్న విద్యార్థి కథగా మనము అరుదుగా చదువుతాము. దానియేలు కల్దీయుల భాష నేర్చుకొన్నాడు, వారి విద్య అభ్యసించాడు, బెల్తెషాజరు అని పేరు పెడితే ఆ పేరుకు పలికాడు. ఒక్క భోజనపు బల్ల దగ్గర మాత్రము ఆగిపోయాడు. ఎందుకు అక్కడే? పేరు మారడము కంటే పప్పుకూరలు పెద్ద విషయమా? నా బి.డి. రోజులలో తరగతిలో ఈ ప్రశ్న అడిగితే మా ఉపాధ్యాయులు నవ్వి, "పరదేశము వెళ్లినప్పుడు నీకే తెలుస్తుందిలే" అన్నారు. నేను పరదేశము వెళ్లలేదు. కాని వెళ్లిన ఒకామె ఉత్తరములు చదివాను. ఈ వ్యాసము వాటిని గురించినది.

పండిత రమాబాయి అనగానే మనకు కేడ్‌గాంవ్‌లోని ముక్తి మిషను, కరువులో ఆదుకొన్న ఆడపిల్లలు, 1905 ఉజ్జీవము, మరాఠీ బైబిలు అనువాదము గుర్తుకు వస్తాయి. ఉజ్జీవ కూటములలో ఆమె పేరు తరచు వింటాము. ఆమె ఇంగ్లండులో గడిపిన సుమారు మూడు సంవత్సరములను మాత్రము మన పుస్తకములు ఒకటి రెండు వాక్యములలో దాటవేస్తాయి. "ఇంగ్లండు వెళ్లి, అక్కడ బాప్తిస్మము పొంది" అని ముగిస్తాయి. ఆ మూడు సంవత్సరములలో ఆమె ఏమి తిన్నారు, ఏమి ధరించారు, ఎవరితో ఎందుకు వాదించారు అన్నది చిల్లర విషయముగా మనకు తోస్తుంది. ఆమెకు ఆశ్రయమిచ్చిన సహోదరీలకు మాత్రము అది చిల్లర విషయముగా తోచలేదు.

ఓడ ఎక్కకముందు

రమాబాయి 1858లో పుట్టారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు. స్త్రీలకు సంస్కృతము నేర్పరాదనే ఆ కాలములో భార్యకు నేర్పాడు, ఆ తల్లి కుమార్తెకు నేర్పింది. కుటుంబమంతా పుణ్యక్షేత్రములు తిరుగుతూ, పురాణము చెప్పుకొంటూ బ్రతికినది. ఆ తిరుగుడు మన ప్రాంతము వరకు వచ్చినది. 1870ల కరువులో చేతిలో గింజ లేక, తిరుపతి కొండ ప్రాంతపు అడవిలో ఆకులు తిని దినములు గడిపిన సంగతి ఆమె తన సాక్ష్యములో వ్రాసుకొన్నారు. 1874 ప్రాంతములో కొద్ది నెలల తేడాతో తండ్రి, తల్లి చనిపోయారు. తరువాత అక్క కూడా పోయింది. ఆహారమును గూర్చి ఈమె పలికిన మాటలు చదివేటప్పుడు ఈ అడవిని మరచిపోకూడదు. ఆకలి అంటే తెలియని ఆడంబరురాలి మాటలు కావు అవి.

1878లో కలకత్తా పండితులు ఆమెకు "పండిత", "సరస్వతి" అను బిరుదులిచ్చారు. 1880లో ఆమె బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ న్యాయవాదిని వివాహమాడారు. ఆయన బ్రాహ్మణుడు కాడు. అందుచేత అది ప్రభుత్వ చట్టము క్రింద జరిగిన వివాహము. కులము వారు వెలివేయడానికి అంతకంటే కారణము అక్కరలేదు. రెండేండ్లు తిరగకముందే భర్త కలరాతో చనిపోగా, చంటిబిడ్డ మనోరమతో ఆమె పూనాకు చేరారు. అక్కడ వైద్యవిద్య చదవాలనే కోరిక బలపడినది. 1882లో మరాఠీలో "స్త్రీ ధర్మనీతి" అనే పుస్తకము వ్రాసి, దాని మీద వచ్చిన డబ్బుతో 1883లో ఇంగ్లండు ఓడ ఎక్కారు. ఆమెకు అప్పుడు ఇరవై అయిదేండ్లు, బిడ్డకు రెండేండ్లు. తోడుగా ఆనందీబాయి భగత్ అనే స్నేహితురాలు వెళ్లారు.

ఎవరి దయాధర్మము మీద ఆధారపడడము ఆమెకు ఇష్టము లేదు. వాంటేజి పట్టణములో సెయింట్ మేరీ కన్యక సమాజమను ఆంగ్లికన్ మఠము ఉన్నది. పూనాలో ఆ మఠపు సహోదరీలు సేవ చేస్తూ ఉండేవారు. కుదిరిన ఒప్పందము ఇది: ఇండియాకు రాబోయే సహోదరీలకు రమాబాయి మరాఠీ నేర్పాలి, వారు ఆమెకు ఇంగ్లీషు నేర్పి, ఉండడానికి చోటివ్వాలి. అంటే ఆమె ఒక చేత విద్యార్థిని, ఒక చేత ఉపాధ్యాయిని. తరువాత వచ్చిన వాదములన్నిటిలో ఆమె తల ఎత్తి మాట్లాడడానికి ఈ ఒప్పందము కొంత కారణమని నా అభిప్రాయము.

వాంటేజిలో

మొదటి నెలలు చీకటివి. తోడు వచ్చిన ఆనందీబాయి భగత్ అక్కడికి చేరిన కొద్ది నెలలకే విషము త్రాగి ప్రాణము తీసుకొన్నారు. పరాయి దేశపు ఒంటరితనము, మతము మార్చుకోవలసి వస్తుందేమోనన్న భయము ఆ స్త్రీ మనస్సును కలతపెట్టినవని చెబుతారు. దీనిని గూర్చి ఎక్కువ వ్రాయడము నాకు ఇష్టము లేదు. అయితే మన పిల్లలను విదేశీ విశ్వవిద్యాలయములకు పంపి, "ప్రార్థన చేసుకో అమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అని ఫోనులో చెప్పే మనము ఈ ఒక్క సంగతి తెలిసికొని ఉండడము మంచిది.

అదే 1883లో, సెప్టెంబరు 29న, రమాబాయి తన కుమార్తెతో కూడ వాంటేజిలో బాప్తిస్మము పొందారు. మతము మార్చుకోనని పూనాలో స్నేహితులకు మాట ఇచ్చి వచ్చిన స్త్రీ ఆమె. ఆమె విశ్వాసములోనికి వచ్చిన విధము వేరే వ్యాసమునకు తగిన విషయము. ఇక్కడ గమనించవలసినది, బాప్తిస్మము తరువాతనే అసలు చిక్కులు మొదలైనవి. అంతవరకు ఆమె అతిథి. అతిథి మాంసము ముట్టకపోతే ఎవరూ తప్పుపట్టరు. ఇప్పుడు ఆమె కుటుంబ సభ్యురాలు. కుటుంబ సభ్యురాలు అందరితో పాటు తినాలి గదా!

వినికిడి శక్తి క్షీణించడముతో వైద్యవిద్య ఆశ మూతపడినది. 1884లో ఆమె చెల్టన్‌హామ్ లేడీస్ కాలేజీకి మారారు. ప్రిన్సిపాలు డొరోతియా బీల్ ఆ దేశములో స్త్రీ విద్యకు పునాది వేసిన వారిలో ఒకరు. రమాబాయి అక్కడ గణితము, విజ్ఞానశాస్త్రము, ఇంగ్లీషు సాహిత్యము చదువుతూ సంస్కృతము బోధించారు. వాంటేజిలో ఆమె ఆత్మీయ బాధ్యత వహించిన సిస్టర్ జెరాల్డిన్‌తో ఉత్తర ప్రత్యుత్తరములు నడుస్తూ ఉండేవి. రమాబాయి ఆ సిస్టరును "ఆజీబాయి" అని పిలిచేవారు. మరాఠీలో ఆజీబాయి అంటే అమ్మమ్మ, నాయనమ్మ. తల్లి, తండ్రి, అక్క, భర్త అందరినీ పోగొట్టుకొన్న ఒక స్త్రీ పరాయి దేశములో వరుస కలుపుకొని పిలిచిన పిలుపు అది.

ఆ ఆజీబాయికి రమాబాయి పళ్లెము కంటగింపుగా ఉండినది. క్రైస్తవురాలై కూడ మాంసము తినదు. గుడ్లు కలిపినవని పుడ్డింగు కూడ వద్దంటుంది. ఇది కులగర్వము కాక మరేమిటి అని సిస్టర్ జెరాల్డిన్ అనుమానము. ఆమెను దుష్టురాలిగా చిత్రించడము న్యాయము కాదు. క్రొత్త విశ్వాసిని పొరపాటున నడువనియ్యకూడదన్న భారము ఆమెకు నిజముగా ఉన్నది. మఠములో విధేయత గొప్ప సద్గుణము. గంట కొడితే ప్రార్థన, గంట కొడితే భోజనము. ఆ క్రమములో ఒక్కరు వేరుగా తింటే అది పళ్లెములో కనబడుతుంది.

రమాబాయి 1885లో ఇచ్చిన జవాబు మర్యాదగా ఉన్నది గాని మెత్తగా లేదు. ఆమె భావమును నా మాటలలో చెబుతాను. నా గర్వమును మీరు పిండివంటలలోను, పాలలోను, గుడ్లలోను వెదకదలిస్తే వెదకండి. హిందువునని పిలువబడడము నాకు ఇష్టమే, ఎందుకంటే నేను ఆ దేశపు దాననే. పితరుల ఆచారములలో చేతనైనన్ని ఉంచుకొంటాను. ఒక ఆంగ్ల స్త్రీ మా దేశము వచ్చి, ఇతరులకు హాని చేయని తన అలవాట్లను మార్చుకోకపోతే, ఆమెను గర్విష్ఠి అని పిలిస్తే ఎలా ఉంటుంది? ఈ చివరి ప్రశ్నకు వాంటేజిలో సరియైన సమాధానము ఉన్నట్లు కనబడదు. ఇండియాలో మిషను బంగళాలలో ఇంగ్లీషు భోజనము తినే దొరలను, దొరసానులను అప్పటివరకు ఎవరూ ఆ ప్రశ్న అడిగి ఉండలేదేమో!

"హిందువు" అనే మాట ఇక్కడ మన చదువరులను కొంత ఇబ్బంది పెట్టవచ్చును. ఆమె ఆ మాటను దేశమునకు, జనమునకు వాడారు గాని విగ్రహారాధనకు కాదు. ఆ కాలములో ఇతర భారతీయ క్రైస్తవులు కూడ ఆ మాటను అలాగే వాడారు.

మరొక వాదము సిలువను గూర్చినది. మెడలో ధరించే సిలువ మీద లాటిను మాటలు చెక్కి ఉండడమెందుకని ఆమె అడిగారు. అటు ఇంగ్లీషువారికి గాని, ఇటు మా దేశస్థులకు గాని అర్థము కాని భాష కంటే సంస్కృతము మేలు గదా అన్నారు. నాకు ఇందులో చిరునవ్వు తెప్పించే సంగతి ఒకటున్నది. మన గ్రామములలో సంస్కృతము కూడ లాటినంత దూరమే. కాని ఆమె అడిగిన దానిలో న్యాయము ఉన్నది. పరాయి భాష పవిత్రము, నా భాష అన్యము అని ఎవరు నిర్ణయించారు?

మూడవ వాదములో బిషప్పులు కూడ కల్పించుకొన్నారు. ఇండియాకు రాబోయే పురుషులకు రమాబాయి భారతీయ భాషలు బోధించవచ్చునని బీల్ తలపెట్టగా, బొంబాయి, లాహోరు బిషప్పులు అడ్డుచెప్పారు. పురుషులకు బోధిస్తే స్వదేశములో ఆమె మంచిపేరు చెడుతుందని వారి వాదము. అంటే మన దేశాచారమును మన దేశపు స్త్రీకే వారు నేర్పబూనారు. రమాబాయి ఆశ్చర్యపడ్డారు. ఆమె ఇండియాలో సభలెక్కి పురుషుల ఎదుట ఉపన్యసించిన మనిషి. తన తండ్రి, భర్త అభ్యంతరము చెప్పని దానికి వీరు అభ్యంతరము చెప్పడమేమిటని అడిగారు. అలవాట్లు వదలుకొమ్మన్నది ఒక ప్రక్క, ఆచారము మీరవద్దన్నది మరొక ప్రక్క. విదేశములో చదువుకొన్న విద్యార్థులు చాలమంది ఈ రెండు మాటలను ఒకే నోట విని ఉంటారు. డొరోతియా బీల్ ఒక్కరే, ఈమెను త్వరపెట్టవద్దు, ఆలోచించుకోనివ్వండి అనే వైపు నిలిచారు.

సముద్రమునకు ఆవల మరొకరు

అదే 1883లో మరొక మహారాష్ట్ర స్త్రీ చదువు కొరకు ఓడ ఎక్కారు. ఈమె పేరు కూడ ఆనందీబాయి, అయితే జోషీ. భర్త గోపాలరావు తపాలా ఉద్యోగి. భార్య చదువు కొరకు అమెరికా మిషనెరీ రాయల్ వైల్డరుకు ఆయన వ్రాసిన ఉత్తరమునకు, ముందు క్రైస్తవుడివి కమ్మని సలహా వచ్చినది. ఆ ఉత్తర ప్రత్యుత్తరములు వైల్డరు తన పత్రికలో అచ్చువేయగా, న్యూజెర్సీలోని రోసెల్ గ్రామమునకు చెందిన థియోడిసియా కార్పెంటరు అను గృహిణి పళ్ల వైద్యుని దగ్గర కూర్చుని ఉండగా చదివి, షరతు లేకుండా ఇంటికి ఆహ్వానించారు. బయలుదేరకముందు 1883 ఫిబ్రవరి 24న ఆనందీబాయి బహిరంగముగా మాట్లాడి, హిందువుగా వెళ్లి హిందువుగానే తిరిగి వస్తానన్నారు. ఆ మాట అన్నది సేరంపూరు కళాశాల హాలులో. మన బి.డి. పట్టాల మీద ఉండే పేరు ఆ సేరంపూరుదే. ఇది చదివిన తరువాత నా పట్టాను మరొకసారి తీసి చూసుకొన్నాను.

ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో ఆమె చేరారు. అప్పటికి పద్దెనిమిదేండ్లు. చలి ఆమెకు మొదటి శత్రువు. మహారాష్ట్ర స్త్రీలు కట్టే తొమ్మిది గజముల చీరలో కాళ్లు కొంత బయటపడి ఉంటాయి. ఫిలడెల్ఫియా మంచులో అది ప్రమాదము. గుజరాతీ పద్ధతిలో కడితే చీలమండల వరకు కప్పుతుంది, లోపల వెచ్చని వస్త్రము వేసుకోవచ్చును. ఈ చిన్న మార్పును గురించి కూడ ఆమె భర్తకు సంజాయిషీ వ్రాసుకోవలసి వచ్చినది. గదిలో కుంపటి సరిగా లేక పొగ కమ్మేది. పొగనైనా భరించాలి, చలినైనా భరించాలి. శాకాహారము, చలి, అలసట కలిసి ఆరోగ్యము కుంగినది. 1886 మార్చి 11న ఆమె వైద్య పట్టా పుచ్చుకొన్నారు. 1887 ఫిబ్రవరి 26న, ఇరవై రెండేండ్లు నిండకముందే, క్షయతో పూనాలో మరణించారు. కొల్హాపూరు ఆసుపత్రిలో ఆమె కొరకు ఉద్యోగము సిద్ధముగా ఉండినది. ఆమె అస్థికలను కార్పెంటరు కుటుంబము వారు న్యూయార్కు రాష్ట్రములోని పౌకీప్సీలో తమ కుటుంబ స్మశానములో ఉంచారు.

అలవాటును నిలుపుకోవడములో కూడ వెల ఉన్నదని ఈమె జీవితము చూపుతుంది. కాబట్టి ఎవరి ఆచారము వారు పట్టుకొని ఉంటే చాలునని నేను సులువుగా అనలేను.

మన సంఘములలో ఈ ప్రశ్న

ఇంతవరకు చదివిన చదువరులలో కొందరికి ఒక అభ్యంతరము తోచి ఉండాలి. తోచకపోతే తోచాలి. రమాబాయి, ఆనందీబాయి ఇద్దరూ బ్రాహ్మణ స్త్రీలు. మన తెలుగు సంఘములలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబముల నుండి వచ్చినవారము. మన తాతలకు "నేను నీతో తినను" అన్న మాట వినబడినది పైకులము వారి నోట. క్రీస్తు బల్ల దగ్గర అందరూ కలిసి తినడము మనకు సువార్త ఇచ్చిన మొదటి గౌరవము. కాబట్టి సిస్టర్ జెరాల్డిన్ అడిగిన ప్రశ్నను మనమైతే ఇంకా గట్టిగా అడిగి ఉండేవారము.

అయినా రమాబాయి ఎవరి ప్రక్కన కూర్చోననలేదు, ఏ పళ్లెమును మైల అనలేదు. కులము వెలుపల వివాహమాడిన స్త్రీ కులగర్వమును అప్పటికే చెల్లించి వచ్చినది. జీవమున్న దానిని తినననే నియమము వేరు, ఫలాని వారి చేతి నీరు త్రాగననే నియమము వేరు. వాంటేజి ఈ రెండింటిని ఒకటిగా చూచినది. ఇక్కడ నాకు ఒంగోలు చరిత్ర గుర్తుకు వస్తుంది. జాన్ క్లౌ దొరగారి కాలములో, యెర్రగుంట్ల పేరయ్య వంటి వారి సాక్ష్యముతో మాదిగలు విశ్వాసములోనికి వచ్చినప్పుడు, వారు విగ్రహములు వదలుకొని, ఆదివారము పని మాని, చచ్చిన పశువు మాంసము తినడము మానుకొన్నారు. 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంఘము అది. ఆ మాంసము మానడము వారికి విశ్వాసపు గుర్తు అయినది. పల్లెలలో దాని కొరకు దెబ్బలు తిన్నవారున్నారు. ఒక చోట తిననందుకు హింస, మరొక చోట తిననందుకు అనుమానము. రోమా పత్రిక పద్నాలుగవ అధ్యాయము రెండు వైపుల వారికీ వ్రాయబడినది, అయితే ప్రతివారు దానిని ఎదుటివారికి వ్రాసినట్లే చదువుతారు.

నేనూ అలాగే చదివాను. నా సెమినరీ రోజులలో ఈశాన్య రాష్ట్రముల నుండి వచ్చిన ఒక సహవిద్యార్థి ఉండేవాడు. మన కూడు, మన కారము, మన భాష, ఏదీ అతనిది కాదు. సెలవు దినములలో తన గదిలో పులియబెట్టిన సోయా గింజలతో కూర వండుకొనేవాడు. ఆ వాసన హాస్టలంతా వ్యాపించేది. నేను అప్పుడు మెస్ కార్యదర్శిని. "గదులలో వంట నిషేధము" అని నా చేతితోనే నోటీసు వ్రాసి అంటించాను. నియమము అందరికీ వర్తిస్తుందని వాదించాను కూడ. అతడు ఏమీ అనలేదు. వంట మానివేశాడు. ఆ సంవత్సరము చివర వరకు రాత్రి భోజనమునకు సగము పళ్లెము వడ్డించుకొని, మాట్లాడకుండా తిని లేచిపోయేవాడు. గ్రాడ్యుయేషను నాటి విందులో నా ప్రక్కనే కూర్చున్నాడు. నేను ఏమీ అడగలేదు. వాంటేజి ఉత్తరములు చదివినప్పుడు సిస్టర్ జెరాల్డిన్ మీద నాకు కోపము రాకపోవడానికి కారణము ఇదే. ఆమె నోటీసు లాంటి నోటీసు నేను వ్రాసి ఉన్నాను.

1886 ఫిబ్రవరిలో రమాబాయి ఇంగ్లండు విడిచి, ఆనందీబాయి జోషీ పట్టా పుచ్చుకొనే సభకు ఫిలడెల్ఫియా వెళ్లారు. కొద్ది వారములకని వెళ్లి రెండేండ్లకు పైగా అమెరికాలో ఉన్నారు. 1889 మార్చి 11న, ఆ పట్టా దినమునకు సరిగా మూడేండ్లకు, బొంబాయిలో శారదా సదనము తెరిచారు. అక్కడ చేరిన బ్రాహ్మణ వితంతువులు కోరితే తమ వంట తాము తమ నియమము ప్రకారము చేసికొనడానికి ఆమె ఏర్పాటు చేశారు. నేను అక్కడ ఉండి ఉంటే ఆ వేరు పొయ్యిని చూచి బాధపడి ఉండేవాడినేమో. ఆమె మాత్రము ఇతరులు తనకు ఇవ్వడానికి వెనుకాడిన దానిని తన విద్యార్థినులకు అడగకముందే ఇచ్చారు. 1896 తరువాతి కరువులలో అనేక కులముల పిల్లలు వందలాదిగా ఆమె వద్దకు చేరగా, ఆ వంటశాల ప్రశ్న వేరే రూపము దాల్చినది.

ఇంగ్లండు ఉత్తరములు మనకు ఎలా దక్కినవో కూడ చెప్పాలి. వాటిని పోగుచేసి, వరుసగా అమర్చి, భద్రపరచినది సిస్టర్ జెరాల్డిన్ స్వయముగా. తనను ప్రశ్నించిన ఉత్తరములను, పుడ్డింగు ఉత్తరమును సహా, ఆమె చించివేయలేదు. 1977లో అవి బొంబాయిలో పుస్తకముగా అచ్చయినవి. తెరిచి చూస్తే, వాదములు నడుస్తున్న ఆ దినములలో కూడ, రమాబాయి వ్రాసిన ఉత్తరములలో "ఆజీబాయి" అన్న ఆ పాత పిలుపు కనబడుతుంది.